ఎదుటి బంతి మీద చూపు

మా చెల్లెలి కొడుకు కిరణ్ గుంటూరు బ్రాడీపేటలో స్నూకర్ పార్లర్ పెట్టాడు. రెండు టేబుళ్ళు, ఏసీ, గోడల నిండా రంగు లైట్లు. "మావయ్యా, నువ్వు రాకపోతే ఊరుకోను" అని ఫోన్ మీద ఫోన్ చేస్తే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు, కేకు ముక్కలు కూడా అయిపోయాయి. నలుగురు కాలేజీ పిల్లలు టేబుల్ చుట్టూ చేరి కొట్టుకున్నంత పని చేస్తున్నారు. గొడవేమిటయ్యా అంటే, కర్ర తెల్లబంతికి తగిలే క్షణంలో కళ్ళు ఎక్కడుండాలి అని. ఒకడు తెల్లబంతి మీదే ఉండాలంటాడు, ఒకడు ఎదుటి బంతి మీద అంటాడు, ఇంకొకడు పాకెట్ మీద అంటాడు. ఒక్కొక్కడి ఫోన్లో ఒక్కో గురువు. వాళ్ళలో ఒక అమ్మాయి మాత్రం ఫోన్ పక్కన పెట్టి, "అంకుల్, మీకు తెలుసంటగా, మీరు చెప్పండి" అంది.

నేను కర్ర వదిలేసి నలభై అయిదేళ్ళయింది. అయినా నోరు దానంతటదే తెరుచుకుంది. "మొదట తెల్లబంతిని చూడమ్మా, కర్ర కొస దానికి ఎక్కడ తగలాలో. తర్వాత ఎదుటి బంతిని చూడు, తెల్లబంతి వచ్చి దానికి ఎక్కడ తగిలితే అది పాకెట్‌లో పడుతుందో ఆ చోటు. కర్రని రెండు మూడు సార్లు ఆడిస్తావు కదా, ఆడించినంతసేపూ చూపు అటూ ఇటూ తిరగొచ్చు, తప్పులేదు. కర్ర వెనక్కి లాగి ఒక్క క్షణం ఆపుతావు చూడు, అప్పుడు చూపు ఎదుటి బంతి మీదికి ఎక్కాలి. ఎక్కాక దిగకూడదు. తెల్లబంతి నీ ముక్కు కిందే ఉంది, అది ఎక్కడికీ పారిపోదు" అన్నాను. ఆ పిల్ల వంగింది, ఆడించింది, ఆపింది, కొట్టింది. ఎర్రబంతి చప్పుడు చేసుకుంటూ పోయి పాకెట్‌లో పడింది. "ఎవరండీ మీకు నేర్పింది?" అని అడిగింది. మా నాన్న అని చెప్పాను. ఈ ఊళ్ళోనే పెద్దవాళ్ళ క్లబ్బులో మార్కరు అని, అంటే టేబుల్ చూసుకుంటూ, పాయింట్లు చెబుతూ, కర్రలు బాగుచేస్తూ ఉండే మనిషి అని కూడా చెప్పాను.

అప్పుడు కిరణ్ పకపకా నవ్వాడు. "ఒరేయ్, మా అమ్మమ్మ దవడ విరగ్గొట్టిన తాత ఆయనేరా. గురి అంటే అదీ" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. వాడు అన్నందుకు నాకు కోపం లేదు, వాడు పుట్టక ముందటి సంగతి, వాళ్ళమ్మ చెప్పిందే వాడు చెప్పాడు. నేను నవ్వినందుకే నా మీద నాకు ఇవాళ్టికీ ఒళ్ళు మండుతోంది.

ఎందుకంటే మా అమ్మ దవడ విరగ్గొట్టింది మా నాన్న కాదు. నేను. ఆ సంగతి ఈ భూమ్మీద ముగ్గురికే తెలుసు, అందులో ఇద్దరు మట్టిలో ఉన్నారు. ఆ ఒక్క దెబ్బ వల్ల మా చెల్లెలు నిర్మల ముప్ఫై ఏళ్ళకి పైగా నాన్న మొహం చూడలేదు. ఆయన పోతే మట్టి వెయ్యడానికి కూడా రాలేదు. ఇప్పుడు చీరాలలో ఉంటోంది, నర్సు ఉద్యోగం చేసి రిటైరయింది. ఆమెకు చెప్పకుండా నేను చచ్చిపోతే నాన్న ఆ పేరుతోనే ఉండిపోతాడు, మనవళ్ళు నవ్వుకోవడానికి. మర్నాడు పొద్దున్నే చీరాల బస్సెక్కాను. చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల మీదుగా పోయే బస్సు, కావలసినంత టైము. నిర్మల ముందు ఏ వరసలో చెప్పాలో, ఆ వరసలో అన్నీ గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

మా నాన్న పేరు దేవదానం. మేం పాత గుంటూరులో ఒక వరస ఇళ్ళలో ఉండేవాళ్ళం, ఒక గది, ఒక వంట వసారా. నాన్న తెల్లారకముందే లేచి గంజి పెట్టిన తెల్లచొక్కా బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తనే రుద్దుకునేవాడు. అమ్మని చెయ్యనిచ్చేవాడు కాదు. క్లబ్బులో టేబుల్ మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డని బ్రష్‌తో ఒకే దిక్కుకి దువ్వాలి, ఎదురు దువ్వితే బంతి నడక చెడుతుంది. ఆ అలవాటు ఇంటికీ తెచ్చాడు. మంచం మీద దుప్పటి కూడా తలాపు వైపు నుంచి కాళ్ళ వైపుకి అరచేత్తో దువ్వేవాడు. దాని మీద ఒక్క ముడత ఉన్నా మాకు మూడిందన్నమాటే. ఆయన దగ్గర కర్ర కొసకి రుద్దే చాక్ పొడి వాసన, క్లబ్బు పెద్దల సిగరెట్ల వాసన కలిసి వచ్చేవి. నీలం చాక్ పొడి వేలి గీతల్లో పట్టుకుపోయి ఎంత తోమినా పోయేది కాదు.

మా నాన్న కొట్టేవాడు. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. కూరలో ఉప్పు తగ్గితే కంచం గోడకి తగిలేది, తర్వాత అమ్మ తగిలేది. దుప్పటి ముడత పడితే నిర్మల జడ పట్టుకుని మంచం దాకా ఈడ్చి, "కళ్ళున్నాయా నీకు" అని వంచి చూపించేవాడు. నా వీపు మీద బెల్టు వాతలు లేని నెల నాకు గుర్తులేదు. తాగి కాదు, తాగుడు లేదు ఆయనకి. క్లబ్బులో రోజంతా "అలాగేనండి, చిత్తమండి" అని వంగి వచ్చిన నడుము ఇంటికొచ్చి నిటారుగా నిలబడాలంటే ఎవరో ఒకరు కింద పడాలి. పక్కింటి వాళ్ళు రేడియో పెంచేవాళ్ళు. మొగుడన్నాక ఓ దెబ్బ వెయ్యడా అనేవాళ్ళు. పాస్టరమ్మగారు మా అమ్మ వాచిన కన్ను చూసి "ప్రార్థన చేసుకోమ్మా" అని తల నిమిరి పోయింది. పోలీసు రాలేదు, పెద్దమనిషి రాలేదు, ఒక్కడంటే ఒక్కడు వచ్చి ఇదేమిటని అడగలేదు. ఇప్పుడు మా వీధిలో ఎవడైనా పెళ్ళాం మీద చెయ్యెత్తితే పక్కింటి పిల్లే ఫోన్ తీసి వీడియో పడుతోంది. ఈ కాలాన్ని తిట్టేవాళ్ళని చూస్తే నాకు ఆ రేడియోలు గుర్తొస్తాయి.

అలాంటి మనిషి నాకు ఆట నేర్పాడు. క్లబ్బు సాయంత్రం తెరిచేవాళ్ళు. పొద్దున పూట టేబుల్ దువ్వడానికి వెళ్ళినప్పుడు నన్ను వెంట తీసుకుపోయి, తలుపులు దగ్గరికి వేసి, కర్ర చేతికిచ్చేవాడు. మార్కరు కొడుకు ఆ టేబుల్ మీద చెయ్యి వేశాడని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా నేర్పాడు, ఎందుకో నాకు చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. నేను వంగగానే ఆయన వెళ్ళి అవతలి పాకెట్ వెనక నిలబడేవాడు. బంతుల్ని చూసేవాడు కాదు. నా కనుగుడ్లని చూసేవాడు. కర్ర ముందుకు పోయేటప్పుడు నా చూపు వెంట్రుకవాసి కిందికి దిగినా పట్టేసేవాడు. బంతి పాకెట్‌లో పడినా సరే, చుట్టూ తిరిగొచ్చి కర్ర మొదలుతో పిక్క మీద కొట్టేవాడు.

"చూపు దిగింది" అనేవాడు.

"పడింది కదా నాన్నా" అన్నానొకసారి.

"పడింది నీ అదృష్టం కొద్దీ. చేతికి సొంత బుద్ధి లేదురా. అది కంటికి కూలి చేసిద్ది. కన్ను ఎటు పోతే అది అటే పోయిద్ది. నువ్వు వద్దన్నా ఆగదు" అన్నాడు, ఇంకో దెబ్బ వేసి.

రెండేళ్ళలో నా చూపు దిగడం మానేసింది. అప్పుడు ఒక పొద్దున ఆయన నా వెనక్కి వచ్చి, గడ్డం రెండు వేళ్ళతో పట్టుకుని, కర్ర మీద సరిగ్గా ఎక్కడ ఆనాలో అక్కడ ఆనించాడు. మెల్లిగా, పసిపిల్లవాడి మొహం పట్టుకున్నట్టు. నా చిన్నతనంలో నాన్న నన్ను కొట్టడానికి కాకుండా ముట్టుకున్నది అదొక్కటే నాకు గుర్తు.

అమ్మ పేరు సుందరమ్మ. మాఘమాసం దాటి మిరపకాయలు ఊరి మీద పడ్డాయంటే ఆమె ఒక వ్యాపారి గోడౌనులో తొడిమలు తీసే పనికి పోయేది. ఆడవాళ్ళు కాయల కుప్పల చుట్టూ గుండ్రంగా కూర్చుని, మూతికి పాతచీర ముక్క కట్టుకుని, తొడిమ గిల్లడం, కాయ విసరడం. సాయంత్రానికి వేళ్ళు నిప్పుల్లో పెట్టి తీసినట్టుండేవి. దానికో పద్ధతి ఉంది. ముందు చేతులకి ఆముదం పట్టించాలి, తర్వాత శనగపిండితో నలిచి తుడవాలి, ఆ తర్వాత పుల్లమజ్జిగతో కడగాలి. నీళ్ళూ సబ్బూ అంటే కారానికి లెక్కలేదు, నీళ్ళు పోస్తే ఇంకా పాకుతుంది. ఇంత చేసినా అమ్మకి నమ్మకం ఉండేది కాదు. ఆ మూడు నెలలూ మాకు అన్నం చేత్తో కలిపి పెట్టేది కాదు, గరిటెతో వడ్డించేది. నిర్మలకి జడ వేసేది కాదు. జ్వరమొస్తే నుదురు మోచేత్తో తాకి చూసేది. ఆమె మమ్మల్ని ముట్టుకుందంటే మిరపకాయలు అయిపోయాయన్నమాట.

కానీ పాడేది. పని దగ్గర మూతికి గుడ్డ కట్టుకుని కూడా కూనిరాగం తీసేది. ఆదివారం గుడిలో ఆడవాళ్ళ వైపు మొదటి గొంతు ఆమెదే. ఆమె ఎత్తుకుంటే తప్ప మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు కాదు. పై స్థాయికి వెళ్ళేటప్పుడు నోరు పూర్తిగా తెరిచి, కళ్ళు మూసుకుని పాడేది. నాన్న మగవాళ్ళ వైపు నుంచి తల తిప్పి చూసేవాడు. ఆ ఒక్క గంటా ఆయనకి ఆమె మీద కోపం ఉండేది కాదేమో. నేను అలా అనుకునేవాణ్ణి.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నిర్మల అప్పటికే నర్సింగు చదవడానికి చీరాల వైపు ఒక మిషను ఆసుపత్రి హాస్టల్లో చేరింది. నాకు కాలేజీ లేని రోజుల్లో అమ్మతోపాటు తొడిమలు తియ్యడానికి వెళ్ళేవాణ్ణి. ఆ వారం క్లబ్బు సెక్రటరీగారి సొంత కర్ర మా ఇంట్లో ఉంది. ఆయనకి పత్తి జిన్నింగు మిల్లు ఉండేది, మనిషి ఆరడుగులు. శనివారం మధ్యాహ్నం ఒంగోలు వాళ్ళతో పోటీ అని, కర్ర కొసకి కొత్త తోలు అంటించమని నాన్నకిచ్చాడు. నాన్న అంటించి, జిగురు ఆరడానికి దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తలుపు మూల నిలబెట్టాడు. దాని జోలికి పోతే చేతులు నరుకుతానన్నాడు. అంత నున్నటి కర్ర నేను ఎప్పుడూ పట్టుకోలేదు. శుక్రవారం మధ్యాహ్నం గోడౌను నుంచి నేను ముందే వచ్చేశాను. అమ్మ రాలేదు, నాన్న లేడు. సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఆముదం లేదు, పిండి లేదు, మజ్జిగ లేదు. తొందర. కర్ర తీసి, ట్రంకుపెట్టె మీద వంగి, గడ్డం ఆనించి, లేని బంతులకి గురి చూస్తూ ఓ గంటసేపు ఆడించాను. నా గడ్డం కాస్త మండింది. మిరపకాయల రోజుల్లో మా ఒంట్లో ఎక్కడో ఒకచోట మండుతూనే ఉంటుంది, ఎవరు పట్టించుకుంటారు. మరక పడి ఉంటుందేమోనని కర్రని ఈ చివర నుంచి ఆ చివరదాకా అరచేతులతో బాగా తుడిచి, గుడ్డలో చుట్టి, ఎలా ఉన్నదలా పెట్టేశాను.

శనివారం క్లబ్బులో ఏమైందో అక్కడి వంటాయన తర్వాత చెప్పాడు. సెక్రటరీగారు నాలుగు షాట్లు కొట్టాడు. గడ్డం మండుతోందని గోక్కున్నాడు. చెమట తుడుచుకుంటూ కళ్ళు నులుముకున్నాడు. అంతే, పొలికేక. నీళ్ళు తెమ్మని మొహం కడిగితే మంట మెడదాకా పాకింది. ఒంగోలు వాళ్ళు ముందు కంగారుపడి, కారం అని తెలిశాక నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. సెక్రటరీగారు కళ్ళు తెరవలేకుండానే మా నాన్న చొక్కా దొరకబుచ్చుకుని చెంపలు రెండూ వాయించాడు. చెప్పు తీసి నోటి మీద కొట్టాడు. నాన్న కింద పడితే పొడుగు కర్ర తీసుకుని వీపు మీద అది విరిగేదాకా కొట్టాడు. నాన్న చెయ్యి అడ్డం పెట్టలేదట. "తప్పయిందండి" అని మాత్రం అన్నాడట, ఏం తప్పో తెలియకుండానే. ఆ కారం కర్రని మీదికి విసిరి, "పట్టుకుపోయి కడిగి తీసుకురారా" అన్నాడట సెక్రటరీగారు.

మూడు గంటల ఎండలో నాన్న ఇంటికొచ్చాడు. పై పెదవి చీలి ఉంది. గంజి పెట్టిన చొక్కా వీపంతా చారలు. చేతిలో కర్ర. నేనూ అమ్మా అప్పుడే అన్నానికి కూర్చోబోతున్నాం.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు.

చెప్పడానికి నోరు తెరిచానా లేదా అనేది ఇన్నేళ్ళుగా నాలో నేను వాదించుకుంటున్నాను. తెరిచే లోపు అమ్మ నా వైపు ఒకసారి చూసింది. నా చేతుల్ని చూసింది. "నేనే. ఊడుస్తా పక్కన పెట్టాను" అంది.

నాన్న కర్రని గోడకి ఆనించాడు. ఆ కోపంలో కూడా కొస నేలకి తగలకుండా, జాగ్రత్తగా. తర్వాత అమ్మ జుట్టు పట్టుకున్నాడు. మామూలుగా కొట్టేటప్పుడు ఆయన అరిచేవాడు, ఆ రోజు నోట మాట లేదు. గుద్దులు. తల గడపకేసి కొట్టాడు. అన్నం గిన్నె పొర్లింది, అమ్మ ఆ అన్నం మెతుకుల్లో పడింది. పొట్ట మీద కాలు వేసి తొక్కాడు. అమ్మ ఎప్పుడూ "వద్దు, వద్దు" అనేది, ఆ రోజు అదీ అనలేదు, ఊపిరి అందక. పక్కింట్లో రేడియో పెరిగింది. నేను చేసిన పనికి ఆమె చచ్చిపోతోందని నాకు అర్థమయింది. కర్ర తీసుకున్నాను. సన్నటి కొస వైపు పట్టుకుని, బరువున్న మొదలు అటు తిప్పాను. నాన్నని చంపుదామనే తీసుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. చెవికి పైన, నుదురు మలుపు దగ్గర ఒక చోటు ఎంచుకున్నాను. కర్ర వెనక్కి లాగాను. ఒక్క క్షణం ఆపాను, నేర్చుకున్నట్టే. చూపు ఆ చోటు మీద పెట్టాను.

అమ్మ అది చూసింది. కింద పడి ఉన్న మనిషి ఎలా లేచిందో తెలియదు, ఆయన మెడ చుట్టూ చేతులు వేసి మొహం అడ్డం పెట్టింది. నా చూపు ఆమె మొహం మీదికి దిగింది. చెయ్యి అప్పటికే బయలుదేరింది. గురి చెదిరి ఏ గోడకో తగలాల్సింది. ఇంకెవడి చెయ్యి అయినా అలాగే గోడకి పోయేది. నాన్న దెబ్బలు తిని నేర్చుకున్న చెయ్యి కదా, కన్ను ఎటు పోయిందో అటే పోయింది. ఎడమ దవడ విరిగిన చప్పుడు నేను విన్నాను. ఎండుకంప కాలి కింద విరిగినట్టు చిన్న చప్పుడు, అంతే.

నాన్న ఆమెని భుజాన వేసుకుని రిక్షా దాకా పరిగెత్తాడు. నేను వెనక. ఆసుపత్రిలో గుమ్మం దగ్గరే పోలీసు ఉన్నాడు. "ఎవరు కొట్టింది?" అన్నాడు. అమ్మ నోట్లోంచి రక్తం తప్ప మాట రావడం లేదు. నేను, "సార్..." అన్నాను. నాన్న నా వైపు తిరిగాడు. అవతలి పాకెట్ వెనక నిలబడి నా కనుగుడ్లని ఎలా చూసేవాడో అలా చూశాడు. "నేనేనండి. ఇంట్లో గొడవైంది, కొట్టాను" అన్నాడు. పోలీసు అక్కడికక్కడే లాగి ఒకటి కొట్టి, చొక్కా పట్టుకుని తీసుకుపోయాడు. రెండు రోజులు ఉంచారు. తిరిగొచ్చేటప్పటికి అరికాళ్ళు వాచి చెప్పులు పట్టలేదు. క్లబ్బులో తీసేశారు. గుడిలో ఏడాది పాటు ప్రభువు బల్ల నుంచి ఆపేశారు, అందరికీ ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ఆయనకివ్వలేదు. ఇరవై ఏళ్ళు కొట్టినప్పుడు ఎవరికీ పట్టని మా నాన్న పాపం, ఆయన కొట్టని దెబ్బకి ఊరంతటికీ కనిపించింది.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. గడపకేసి తల కొట్టింది ఆయనే, పొట్ట తొక్కింది ఆయనే. నేను అడ్డం రాకపోతే ఆ రోజు అమ్మ బతికేదో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. మారుమనస్సు అన్నారు పాస్టరుగారు. అలాగే కానీ. అమ్మ దవడకి తీగలు కట్టి ఆరు వారాలు ఉంచారు. జావ, గంజి పళ్ళ సందుల్లోంచి పీల్చేది. ఆమె బదులు నాన్న గోడౌనుకి పోయి, ఆడవాళ్ళ మధ్య కూర్చుని తొడిమలు తీశాడు. "మార్కరుగారూ, పాయింట్లు ఎన్ని?" అని నవ్వేవాళ్ళట వాళ్ళు. తీగలు విప్పాక అమ్మ నోరు రెండు వేళ్ళ వెడల్పు కంటే తెరుచుకోలేదు. అన్నం చిన్న చెంచాతో తినేది. గుడిలో మళ్ళీ పాడలేదు, ఇంకొకామె ఎత్తుకునేది, అమ్మ పెదవులు కదిపేది.

నిర్మల మూడో రోజు వచ్చింది. అమ్మ మంచం దగ్గర నిలబడి, "నాన్నేనా?" అని అడిగింది. అమ్మ కళ్ళు మూసుకుంది. నేను అక్కడే ఉన్నాను, నా కళ్ళు కూడా నేల మీదే ఉన్నాయి. "ఈ జన్మకి ఆయన మొహం చూడను" అని వెళ్ళిపోయింది. చూడలేదు. పెళ్ళికి నన్ను పిలిచింది, అమ్మని పిలిచింది, ఆయన్ని పిలవలేదు. నాన్న చివరి రోజుల్లో మంచంలో ఉన్నప్పుడు నేను ఆయన చెవి దగ్గర వంగి, "నిర్మలకి చెప్పేస్తాను నాన్నా" అన్నాను. "చెప్పి ఏం చేస్తావురా? నన్నొదిలేసింది, బతికింది. నిన్ను కూడా వదిలేస్తే దానికి పుట్టిల్లు ఏముంటది? నోరు మూసుకో" అన్నాడు. నోరు మూసుకున్నాను. అమ్మ పోయినప్పుడూ మూసుకున్నాను. నాన్న మాట అని పైకి అనుకుంటూ దాని చాటున హాయిగా దాక్కున్నాను.

నేను వెళ్ళేసరికి నిర్మల పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని వాడరేవు నుంచి వచ్చిన చేపలు కోస్తోంది. "చెప్పకుండా వచ్చావేంటి అన్నయ్యా, మంచి టైముకే వచ్చావులే" అంది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను, కర్ర దగ్గర్నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా. ఆమె మధ్యలో ఆపలేదు. చేప సగం తెగి పీట మీద ఉండిపోయింది.

"ఎడమ దవడ" అంది. "నాన్నది కుడిచెయ్యి. ఎదురుగా నిలబడి కొడితే ఎడమ దవడే విరిగిద్ది. నేను నర్సుని కదా, లెక్క సరిపోయింది. అందుకే నాకెప్పుడూ అనుమానం రాలేదు."

"నిర్మలా..."

"మాట్లాడకు. ఆ తర్వాత నేను హాస్టల్లో ఉండగా ఆయనొకసారి వచ్చాడు. జామకాయలు తెచ్చాడు. పంపించెయ్యమని వాచ్‌మన్‌కి చెప్పాను. వెళ్ళకపోతే మెడపట్టి గెంటమన్నాను. గెంటాడు. రోడ్డు మీద పడ్డాడు, జామకాయలు దొర్లినయ్యి. నేను కిటికీలోంచి చూశాను. నాకు సంతోషమేసింది అన్నయ్యా."

లేచి వచ్చింది. చేప నెత్తురు అంటిన చేత్తోనే నా చెంప మీద కొట్టింది. వయసైనా నర్సు చెయ్యి, నాకు చెవి గింగురుమంది. ఇంకోటి కొట్టింది. మూడోది కొట్టబోయి ఆపేసింది.

"చిన్నప్పటి దెబ్బలన్నీ నాకు గుర్తున్నయ్. జడ పట్టి ఈడ్చింది గుర్తుంది. వాటన్నిటికీ ఆయన్ని ఎప్పుడో క్షమించాను, ప్రార్థన చేసుకుని, ఒక్కోటి పేరు పెట్టి. ఇదొక్కటే నా వల్ల కాలేదు. ఇదొక్కటే" అంది.

నాన్న చివర్లో అన్న మాట చెప్పాను, పుట్టిల్లు ఉండదన్నాడని. ఆమె చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. నేను పెరట్లోనే నిలబడ్డాను. పులుసు పొంగిన వాసన వచ్చింది. కాసేపటికి లోపలికి పిలిచి కంచం పెట్టింది. చేపముక్కల్లో ముళ్ళు తనే తీసి, అన్నంలో పులుసు పోసి, ఎదురుగా కూర్చుని నేను తింటుంటే చూసింది. తను తినలేదు. రెండోసారి అడగకుండానే వడ్డించింది. మజ్జిగ పోసింది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేదాకా ఆగి, తువ్వాలు అందించింది.

"తిన్నావుగా. ఇంక ఈ ఇంటికి రాకు అన్నయ్యా" అంది.

చెప్పులేసుకుని, తలుపు నేనే దగ్గరికి వేసి వచ్చాను.